వీడ్కోలు చెప్పనివ్వని శ్రోతలు

"ఇదే మా ఆఖరి కచేరీ" అని నలుగురికీ చెప్పి, టికెట్లు అమ్మి, సెలవు పుచ్చుకున్న ఒక పాటల బృందం మరుసటేడు మళ్ళీ వచ్చి పాడింది. నలభై అయిదేళ్ళు దాటినా ఇంకా పాడుతూనే ఉంది. ఏమంటారు? మన సినిమావాళ్ళు "ఇక నటించను" అన్నట్టే ఉందే అనుకుంటారు. కాదండీ. పాడేవాళ్ళు నిజంగానే మానేద్దామనుకున్నారు. వినేవాళ్ళు ఒప్పుకోలేదు, అంతే.

ఆ బృందం పేరు ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్. పుట్టింది లండన్‌లో. దాన్ని బ్యాండు అంటారు. బ్యాండనగానే మనకి పెళ్ళి ఊరేగింపులో ఎర్రకోట్లు తొడుక్కుని క్లారినెట్లు ఊదుకుంటూ నడిచే మేళం గుర్తొస్తుంది కదూ? అది కాదు. ఇంగ్లండు, స్కాట్లండు పల్లెల్లో తరతరాలుగా పాడుకుంటూ వచ్చిన పాటలను తీసుకుని, వాటికి కరెంటు గిటార్లు, డ్రమ్ములు, ఫిడేలు తగిలించి పాడతారు వీళ్ళు. ఇంగ్లండు అనగానే మనకి చిన్నప్పుడు బళ్ళో చెప్పిన ఎనిమిదో హెన్రీ, ఆయనగారి ఆరుగురు పెళ్ళాలూ గుర్తొస్తారు గానీ, ఆ దేశంలోనూ మన అమ్మమ్మల్లాంటి అమ్మమ్మలుంటారనీ, కోతలప్పుడూ కుట్లప్పుడూ పాడుకునే పాటలుంటాయనీ మనకెవరు చెప్పారు?

1967లో లండన్ ఉత్తరపు కొసన మస్వెల్ హిల్ పేటలో సైమన్ నికోల్ అనే కుర్రవాడి ఇల్లుండేది. ఆ ఇంటి పేరు ఫెయిర్‌పోర్ట్. అతనూ, ఆష్లీ హచింగ్స్, రిచర్డ్ థామ్సన్ అనే స్నేహితులూ ఆ ఇంట్లో చేరి సాధన చేసుకునేవారు. అక్కడ సమావేశమవుతారు కనక ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్. "శ్రీనివాస నిలయం బృందం" అన్నట్టు! ఆ మే 27న ఒక చర్చి హాల్లో తొలి కచేరీ చేశారు. అప్పట్లో వాళ్ళు పాడినవన్నీ దాదాపు అమెరికా పాటలే. పాడటానికి జూడీ డైబుల్ అనే అమ్మాయి ఉండేది. మిగతావాళ్ళు గిటార్లతో ఎంతకీ తెమలని ఆలాపన మొదలుపెడితే, తనకి పనిలేక, వేదిక మీదే కూర్చుని అల్లిక అల్లుకునేదట. నాకీ చరిత్ర మొత్తంలో ఆమె మీద ఒక ప్రత్యేకమైన అభిమానం. మగవాళ్ళ ఆలాపన ఎప్పుడు ముగుస్తుందో తెలియనప్పుడు చేతిలో ఏదో ఒక పని ఉండటం మంచిదని మనకి వేరే చెప్పాలా?

జూడీ వెళ్ళిపోయాక 1968లో శాండీ డెన్నీ వచ్చింది. ఆమె గొంతు గురించి రాయడం కష్టం. కొందరి గొంతులో తీపి ఉంటుంది, కొందరి గొంతులో బలం ఉంటుంది. శాండీ మెల్లగా పాడుతున్నప్పుడు కూడా గది అవతల ఎవరో తలుపు తీసినట్టు ఉంటుంది. 1969లో వచ్చిన ఒక రికార్డు అట్ట మీద బొమ్మ చూడండి. ముందు నించున్నది ఆమె తల్లీ తండ్రీ. వింబుల్డన్‌లో తమ ఇంటి వాకిట్లో, పెళ్ళివారి కోసం ఎదురుచూస్తున్నట్టు నించున్నారు. బృందమంతా వెనకాల, కంచె సందుల్లోంచి, పెరట్లో కనిపిస్తుంది. అట్ట మీద పేరు కూడా వేయలేదు. ఎంత ధీమా!

ఆ రికార్డు బజారులోకి రాకముందే ఘోరం జరిగింది. 1969 మే 12 తెల్లవారుజామున, బర్మింగ్‌హామ్‌లో కచేరీ చేసుకుని లండన్ తిరిగి వస్తూ ఉంటే పెద్ద రోడ్డు మీద వాళ్ళ వ్యాను తిరగబడింది. డ్రమ్ములు వాయించే మార్టిన్ లాంబుల్ పోయాడు. అతనికి పందొమ్మిదేళ్ళు. రిచర్డ్ థామ్సన్ స్నేహితురాలు జీనీ ఫ్రాంక్లిన్ కూడా పోయింది. శాండీ వేరే బండిలో ఉండటంతో బతికింది.

అక్కడితో ఆగిపోవలసిన కథ. ఆగలేదు. అయితే ఆ పాత పాటలే మళ్ళీ పాడటానికి వాళ్ళకి మనసొప్పలేదు. పోయిన పిల్లవాడి దరువు ఆ పాటల్లో ఉంది మరి. ఆ ఎండాకాలం వించెస్టర్ దగ్గర ఫార్లీ చేంబర్లేన్ అనే పల్లెలో ఇల్లు తీసుకుని, ఫిడేలుకి డేవ్ స్వార్‌బ్రిక్‌నీ, డ్రమ్ములకి డేవ్ మాటక్స్‌నీ చేర్చుకుని, కొత్తగా మొదలుపెట్టారు. అమెరికా పాటలు కట్టిపెట్టి తమ దేశపు పాత పాటలు పట్టుకున్నారు. ఆష్లీ హచింగ్స్ లండన్‌లో సిసిల్ షార్ప్ భవనంలోని గ్రంథాలయానికి వెళ్ళి పాత కాగితాలు తిరగేశాడు.

ఈ సిసిల్ షార్ప్ ఎవరో చెప్పకపోతే కథ సగమే అవుతుంది. ఆయన సంగీతం మాస్టారు. 1903లో సోమర్సెట్‌లో హాంబ్రిడ్జి అనే పల్లెకి, అక్కడి మతగురువు మిత్రుడైతే చూడ్డానికి వెళ్ళాడు. తోటలో గడ్డి కోస్తున్న తోటమాలి తనలో తాను ఏదో పాట పాడుకుంటున్నాడు. షార్ప్ గబగబా స్వరం రాసుకున్నాడు. ఆ సాయంత్రమే దానికి పియానో కట్టి నలుగురి ముందూ పాడించాడు. పల్లెపాటకి విందు దుస్తులు తొడగటం ఇదే మొదటిసారి అని వింటున్నవాళ్ళలో ఎవరో చమత్కరించారట. తర్వాత ఆ ఊళ్ళోనే లూయీ హూపర్, లూసీ వైట్ అనే అక్కచెల్లెళ్ళు దొరికారు. చేతితొడుగులూ చొక్కాలూ కుట్టి పొట్టపోసుకునే మనుషులు. వాళ్ళకి వచ్చిన పాటలకి లెక్కలేదు. ఒకటి అయ్యేసరికి మరొకటి. సూది నడుస్తుంటే గొంతు ఖాళీగా ఎందుకుండాలి? అలా ఇంగ్లండులోనూ, అమెరికా కొండల్లోనూ తిరిగి ఆయన సుమారు 5,000 పాటలు పోగుచేశాడు.

మంచిపనే. కాని ఆ పాటలు పియానోతో సహా ఇంగ్లండు బళ్ళలోకి వెళ్ళాయి. పాఠం అయిన పాట మీద పిల్లలకి మోజెక్కడ ఉంటుంది? పద్యం వల్లెవేసినట్టు వల్లెవేసి ఇంటికి పోయారు. అరవై ఏళ్ళు గడిచాక ఫెయిర్‌పోర్ట్ పిల్లలు చేసిందల్లా ఆ విందు దుస్తులు విప్పి, తమ కాలపు బట్టలు తొడగడం. పాత పాటకి కరెంటు తగిలించడమేమిటి, అపచారం అన్నవాళ్ళూ లేకపోలేదు. నాకు మాత్రం పియానో పెడితే తప్పులేనిది గిటారు పెడితే తప్పెందుకయిందో అర్థం కాదు. గడ్డి కోసేవాడి చేతిలో రెండూ లేవు కదా.

1969 డిసెంబరులో వచ్చిన ఆ రికార్డు పేరు 'లీజ్ అండ్ లీఫ్'. విధేయతకీ ఇష్టానికీ ఇంగ్లీషులో వాడుక తప్పిపోయిన రెండు పాత మాటలవి. అందులో 'టామ్ లిన్' అని ఒక పాట ఉంది. హార్వర్డ్ ఆచార్యుడు ఫ్రాన్సిస్ చైల్డ్ ఏర్చి కూర్చిన 305 గాథల్లో అది 39వది. కథ చెబుతాను, వినండి.

స్కాట్లండులో కార్టర్‌హా అనే అడవి. ఆడపిల్లలెవరూ అటు వెళ్ళకూడదని కట్టడి. జానెట్ వెళ్ళింది. గులాబీ తుంచింది. టామ్ లిన్ ప్రత్యక్షమయ్యాడు. అతను మనిషే, కాని యక్షిణుల రాణి పట్టుకుపోయి తన పరివారంలో ఉంచుకుంది. జానెట్ ఇంటికి తిరిగి వచ్చిన కొన్నాళ్ళకి ఆమె గర్భవతి అని తెలిసిపోయింది. తండ్రి అడిగాడు. బిడ్డ భారం నాదే, మీ కొలువులో ఎవరి పేరూ దీనికి తగిలించను అంది. మళ్ళీ అడవికి వెళ్ళి అతన్ని నిలదీసింది. ఫలానా రాత్రి యక్షిణులు గుర్రాల మీద వెళతారు, తెల్లగుర్రం మీది నన్ను కిందికి లాగి పట్టుకో, నీ చేతుల్లోనే పాముగా మారుస్తారు, సింహంగా మారుస్తారు, మండే నిప్పుగా మారుస్తారు, వదిలావా నేను దక్కను అన్నాడు. జానెట్ వదల్లేదు. తెల్లవారేసరికి ఆమె చేతుల్లో మనిషి మిగిలాడు. మన సావిత్రి యముణ్ణి మాటల్లో ఓడించింది; ఈ పిల్ల మాట్లాడనే లేదు, పట్టు విడవలేదంతే. తప్పు చేసిన ఆడపిల్లని బావిలో తోసేసే పాటలు అక్కడా ఇక్కడా బోలెడు. ఈ పాటలో ఆమెకి శిక్ష లేదు. దీన్ని ఇన్ని తరాలు మోసుకొచ్చినవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువై ఉంటారని నాకనిపిస్తుంది.

మన పాటల సంగతీ ఇక్కడ ఒకటి చెప్పాలి. ఈ పోగుచేసే పిచ్చి ఇంగ్లీషువాళ్ళకి తమ పాటల మీదే కాదు, మన పాటల మీదా ఉండేది. 1874లోనే జె. ఎ. బాయిల్ అనే దొర 'ఇండియన్ ఆంటిక్వరీ' పత్రికలో తెలుగు వీరగాథల గురించి రాస్తూ సర్వాయి పాపడి పాట అచ్చువేయించాడు. షార్ప్ తోటమాలి పాట వినడానికి 29 ఏళ్ళ ముందన్నమాట. తర్వాత వింజమూరి అనసూయ, సీత అక్కచెల్లెళ్ళు పల్లెపదాలను రేడియోకీ, పెద్ద పెద్ద సభలకీ తీసుకెళ్ళారు. పొలంగట్టు పాట సభలో పాడటమేమిటని నొసలు చిట్లించినవాళ్ళు మనకీ ఉండే ఉంటారు.

ఫెయిర్‌పోర్ట్ దగ్గరికి వద్దాం. 'లీజ్ అండ్ లీఫ్' అక్కడి పట్టికలో 17వ స్థానం దాకా ఎక్కింది. కాని అది అంగళ్ళకి చేరేసరికే శాండీ, ఆష్లీ ఇద్దరూ బృందం విడిచి వెళ్ళిపోయారు! ఆ తర్వాత రాకపోకలే రాకపోకలు. ఈనాటికి పాతికమందికి పైగా ఆ బృందంలో చేరి, వెళ్ళి, కొందరు మళ్ళీ వచ్చారు. ఒక దశలో మొదలుపెట్టినవాళ్ళలో ఒక్కరూ మిగల్లేదు, ఆ ఇంటి పిల్లవాడు సైమన్‌తో సహా. 1971లో స్వార్‌బ్రిక్ పాతసామాన్ల దుకాణంలో దొరికిన వార్తాపత్రికల కత్తిరింపులు చూసి, జాన్ లీ అనే ఖైదీ కథని రికార్డు నిండా పాటలుగా కట్టాడు. 1885లో ఎక్సిటర్ జైల్లో ఆ జాన్ లీని ఉరితీయడానికి మూడుసార్లు ప్రయత్నించారు. మూడుసార్లూ కాళ్ళ కింది పలక తెరుచుకోలేదు. చివరికి విసిగి యావజ్జీవం వేశారు. ఈ కథ వీళ్ళకే దొరకడం తమాషా.

ఎంచేతంటే వీళ్ళకీ ఉరి తప్పలేదు, ప్రాణమూ పోలేదు. 1970లు ముగిసేనాటికి ఇంగ్లండు కుర్రకారు మోజు వేరే సంగీతం మీదికి మళ్ళింది. శాండీ 1978 ఏప్రిల్‌లో చనిపోయింది. మెట్ల మీంచి పడి, కొన్ని వారాలకి మెదడులో రక్తస్రావమై. వయసు 31. చేతిలో ఏడాదైనా నిండని పాప. స్వార్‌బ్రిక్‌కి చెవులు దెబ్బతిన్నాయి. రికార్డు కంపెనీవారు ఒప్పందం ప్రకారం ఇంకా చేయవలసిన రికార్డులు చేయకుండా ఉండేందుకు ఎదురు డబ్బిచ్చారు. పాడినందుకు డబ్బివ్వడం విన్నాం, పాడకుండా ఉన్నందుకివ్వడం వీళ్ళ విషయంలోనే.

సరే, మానేద్దామనుకున్నారు. 1979 ఆగస్టు 4. ఆ పగలు నెబ్‌వర్త్‌లో లెడ్ జెపెలిన్ అనే మహా ప్రసిద్ధమైన బృందం కచేరీలో కాసేపు పాడి, సాయంత్రానికి ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని క్రాప్రెడీ అనే పల్లె చేరుకున్నారు. అప్పటి సభ్యుడు డేవ్ పెగ్ కాపురం ఉండే ఊరది. పొలంలో వేదిక కట్టారు. జనం సుమారు 4,500 మంది. ఆ వీడ్కోలు కచేరీని రికార్డు చేశారు గాని వేయడానికి ఏ కంపెనీ ముందుకు రాలేదు. అప్పుడు డేవ్ పెగ్, ఆయన భార్య క్రిస్టీన్ కలిసి 'వుడ్‌వర్మ్' అని సొంత కంపెనీ పెట్టి ఆ రికార్డు వేశారు. వుడ్‌వర్మ్ అంటే చెక్కపురుగు! పెద్ద దుకాణాల దయాదాక్షిణ్యం లేకుండా, అభిమానుల చిరునామాలు రాసి పెట్టుకుని, టపాలో పంపించడం మొదలుపెట్టారు. అప్పడాలూ ఒడియాలూ పెట్టి ఊరూరా పార్సెళ్ళు కట్టే ఇల్లాళ్ళకి ఈ వ్యాపార రహస్యం కొత్త కాదు. ఎవరికి కావాలో తెలిసి ఉంటే బజారు ఎందుకు?

మరుసటేడు, మళ్ళీ ఒక్కసారి కలుద్దాం అన్నారు. కలిశారు. ఆ తర్వాత ఏడూ కలిశారు. ఏటేటా ఆగస్టులో కలవడం ఆనవాయితీ అయిపోయింది. 1985లో బృందం మళ్ళీ నిలదొక్కుకుని వేసిన రికార్డుకి 'గ్లాడిస్ లీప్' అని పేరు పెట్టారు. గ్లాడిస్ ఒక టపా బంట్రోతు. ఉత్తరాలు పంచుతూ రోజూ ఒక వాగు దాటేది. ఆమె దూకే చోటుకి సర్వేవాళ్ళు దేశపటంలో 'గ్లాడిస్ దూకు' అని అచ్చు వేశారు. టపా మీద బతికిన బృందానికి ఇంతకంటే తగిన పేరు ఇంకెక్కడ దొరుకుతుంది!

క్రాప్రెడీ ఏడెనిమిది వందల గడపైనా లేని పల్లె. 1644లో రాజుకీ పార్లమెంటుకీ మధ్య జరిగిన అంతర్యుద్ధంలో ఆ ఊరి వంతెన దగ్గర పోరు జరిగిందని చరిత్ర పుస్తకాల్లో ఒక ముక్క ఉంటుంది. అలాంటి ఊరికి 20 వేల మంది దాకా వచ్చిన ఏళ్ళున్నాయి. కొందరు కాలవ మీద పడవల్లో వస్తారు. మూడు రోజులు పొలంలో గుడారాలు వేసుకుని మడతకుర్చీల్లో కూర్చుంటారు. ఊళ్ళోవాళ్ళు పొద్దున్నే ఫలహారాలు వండి అమ్మి చర్చికీ బడికీ నాలుగు డబ్బులు కూడేసుకుంటారు. మొదట్లో పెళ్ళికాని పిల్లలుగా వచ్చినవాళ్ళు తర్వాత పిల్లలతో, ఇప్పుడు మనవలతో వస్తున్నారు. మన తిరునాళ్ళే అనుకోండి, దేవుడొక్కడే తక్కువ. ఇదంతా ముసలివాళ్ళ జాతర అని పత్రికలవాళ్ళు వెక్కిరిస్తారు. వెక్కిరించనీయండి, తిరునాళ్ళకి వయసడుగుతారా? నాకున్న ఫిర్యాదల్లా ఒకటే. ఆఖరి రాత్రి తప్పకుండా పాడే 'మాటీ గ్రోవ్స్' పాటలో ఒక జమీందారు తన భార్యనీ ఆమె ప్రియుణ్ణీ ఇద్దర్నీ నరికేస్తాడు. వేలమంది హుషారుగా ఊగిపోతూ దాన్ని పాడుకుంటారు! మొగుడు లేని వేళ చర్చిలో కుర్రవాణ్ణి పిలిచిందనే గాని, ఆ ఇల్లాలి బతుకేమిటో ఎవరైనా అడిగారా?

అయినా ఆ జనం సంగీతం విని చేతులు దులుపుకునే రకం కాదు. దానికి స్వార్‌బ్రిక్ కథ సాక్ష్యం. ఆయన ఊపిరితిత్తుల జబ్బుతో తీసుకుంటూ ఉండేవాడు. 1999 ఏప్రిల్‌లో కావెంట్రీ ఆస్పత్రిలో ఉండగా 'డైలీ టెలిగ్రాఫ్' పత్రిక ఆయన పోయాడని పొరపాటున సంతాప వ్యాసం వేసేసింది. మంచం మీద కూర్చుని తన చావువార్త తనే చదువుకున్నాడు. కావెంట్రీలో నేను చావడం ఇదే మొదటిసారి కాదులెండి అని నవ్వేశాడట. ఆ ఊళ్ళో తన కచేరీలు కొన్ని అలా తగలబడ్డాయని భావం. కోలుకున్నాక ఆ వ్యాసానికి నకళ్ళు తీయించి, సంతకం చేసి, కచేరీల్లో ఒక్కొక్కటి పౌనుకి అమ్మాడు. చచ్చినవాడి సంతకం ఇంకెక్కడ దొరుకుతుంది మరి!

నవ్వు సరే, జబ్బుతో కచేరీలు లేవు, రాబడి లేదు. పాటగాళ్ళకి పింఛనెవరిస్తారు? అప్పుడు తోటి కళాకారులూ అభిమానులూ పూనుకుని 'స్వార్బ్ ఎయిడ్' పేరుతో ఆ ఏడే బర్మింగ్‌హామ్‌లో సహాయ కచేరీ జరిపారు. ఇరవై, ముప్ఫై ఏళ్ళ కిందట తాము కుర్రవాళ్ళుగా ఉన్నప్పుడు విన్న ఫిడేలు కోసం జనం టికెట్లు కొన్నారు. 2004 అక్టోబరులో ఆయనకి రెండు ఊపిరితిత్తులూ మార్చారు. లేచి తిరిగాక ఆయన కట్టిన కొత్త బృందానికి 'స్వార్బ్స్ లాజరస్' అని పేరు పెట్టాడు. బైబిల్లో సమాధిలోంచి లేచి వచ్చిన లాజరు పేరు. ఆ తర్వాత పుష్కరం దాకా బతికి 2016 జూన్‌లో పోయాడు. ఈసారి వార్త నిజమే.

2006లో బీబీసీ రేడియో శ్రోతలు జానపద రికార్డులన్నింటిలోకీ ఎక్కువ ప్రభావం చూపినదిగా 'లీజ్ అండ్ లీఫ్'ని ఎన్నుకున్నారు. మరుసటేడు తమకి అన్నింటికన్నా ఇష్టమైన జానపద గీతంగా, శాండీ పసితనం వదలని వయసులో కాలం ఎటుపోతుందో ఎవరికి తెలుసని రాసుకున్న పాటని ఎన్నుకున్నారు. ఆమె పోయి అప్పటికి 29 ఏళ్ళు. అది పల్లెల్లో దొరికిన పాట కాదు, సొంతంగా రాసింది. కాని శ్రోతలు దాన్ని కూడా పాత పాటల పెట్టెలోనే దాచుకున్నారు. పండితులు వేరు చేసుకుంటే చేసుకోనీయండి.

ఆ 2007 ఆగస్టులోనే క్రాప్రెడీ పొలంలో 'లీజ్ అండ్ లీఫ్' మొదటినుంచి చివరిదాకా పాడారు. ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందట ఆ పల్లె ఇంట్లో కూర్చుని దాన్ని కట్టిన ఆరుగురిలో మిగిలిన అయిదుగురూ వచ్చారు. ఆష్లీ, రిచర్డ్, సైమన్, మాటక్స్, ఎవరివో ఊపిరితిత్తులతో ఫిడేలు పట్టుకుని స్వార్‌బ్రిక్. శాండీ చోట క్రిస్ వైల్ అనే గాయని నిలబడి 'టామ్ లిన్' పాడింది.